పరికిణీ మొక్కు

నాకు పరికిణీ కట్టింది మా ఇంట్లోవాళ్ళు. అది విప్పలేదని నన్ను చావగొట్టిందీ వాళ్ళే. ఈ రెంటికీ నడుమ నేను చేసిన తప్పేమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్ళంతా పోయారు. పోతే పోయారు, వాళ్ళ మీద నాకేం దిగులు లేదు.

రాజోలు దిగువన కాలవ గట్టు మీద మా పేట. మా నాన్న సూరిబాబు కొబ్బరి దింపు తీసేవాడు, చెట్లెక్కి కాయలు కోసి దించే పని. నాకు ముందు ముగ్గురు మగపిల్లలు పుట్టారట, ఒక్కడూ పాకే వయసు దాకా రాలేదు. మూడోవాడు పుట్టినప్పుడు నాన్న తల్లి, మా మామ్మ కనకమ్మ, ఉండబట్టలేక వీధంతా తిరిగి బెల్లం పంచి "మగపిల్లాడమ్మా, మగపిల్లాడు" అని చాటుకుంది. పురుడు తీరకముందే వాడు పోయాడు. ఆ మాటే వాణ్ణి తినేసిందని మామ్మ తేల్చేసింది.

అందుకని నేను పుట్టినప్పుడు మంత్రసాని నోరు తెరవబోతే మామ్మ చేత్తో మూసేసింది. బయటికొచ్చి ఆడపిల్ల అని చెప్పింది. ఏడో ఏడు దాకా ఆడపిల్లగానే పెంచుతాననీ, ఆ ఏడు కొత్త అమావాస్యకి జుట్టు ఇస్తాననీ నూకాలమ్మకి మొక్కింది. అమ్మవారి పేరే పెట్టింది. నన్ను నూకాలు అన్నారు.

ఇలాంటి మొక్కులు మా వైపు కొత్తేమీ కాదు. పోగా పోగా దక్కిన మగపిల్లాడికి ముక్కు కుట్టించి జడ వేసి తిప్పడం చాలా ఇళ్ళలో ఉండేది. అయితే ఆ ఇళ్ళలో నలుగురూ నవ్వుకునేవాళ్ళు. అది వేషమని ఆ పిల్లాడికీ తెలిసేది. మా ఇంట్లో నవ్వు లేదు. మగపిల్లాడన్న ఆ మాట మా గుమ్మంలో ఎవరి నోటా రాకూడదు. ఒకసారి పేరంటానికి వచ్చినావిడ నా జడ పట్టుకుని, "ఇంకెన్నాళ్ళండీ ఈ వేషం?" అంది. మామ్మ ఆవిడ చేతిలో పెట్టిన తాంబూలం వెనక్కి తీసేసుకుంది.

"ఆడపిల్లకి వేషమేంటమ్మా. ఎల్లి నోరు కడుక్కో."

ఆ తరవాత మా పేటలో ఎవరూ అడగలేదు. నన్ను 'ఏమే' అని పిలిచేవారు. నాన్న కూడా దింపు నుంచి వచ్చి, "నూకాలమ్మా, నీళ్ళట్రామ్మా" అనేవాడు. పక్కింటి సుందరి, నేను ఒకే ఈడు. దానికి కుట్టించిన గుడ్డలోనే నాకూ కుట్టించేవారు. ఇద్దరం ఒప్పులకుప్ప తిరిగితే పరికిణీలు గొడుగుల్లా లేచేవి. పూలు ఒడిలో పోసుకుని గట్టంతా నడిచేవాళ్ళం. కాలవలో తానాలప్పుడు మా ఇద్దరికీ తేడా ఉందని నాకు కనబడింది. ఇంటికొచ్చి అమ్మనడిగాను. మా అమ్మ అచ్చాయమ్మ ఎప్పుడూ చెయ్యి చేసుకునే మనిషి కాదు, ఆ రోజు నా మూతి మీద కొట్టింది.

"ఆ మాట నోట్లోంచి వస్తే చచ్చిపోతావే. మీ అన్నలు అలాగే పోయేరు."

అంతే. అంతకు మించి నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడీ కథ చెబితే వినేవాళ్ళు, "పాపం, భయపడ్డావన్నమాట" అంటారు. భయపడ్డాను, అబద్ధమెందుకు. కాని ఆ బట్టలంటే నాకు ఇష్టం కూడా. కుచ్చెళ్ళ బరువు కాళ్ళకి తగులుతుంటే నడక బాగుండేది. ఈ ముక్క చెప్పగానే జాలిపడే మొహాలన్నీ పక్కకి తిరుగుతాయి. తిరగనివ్వండి. భయమని చెప్పి జాలి అడుక్కోవడం నాకు చేతకాదు.

ఏడో ఏడు వచ్చింది. కొత్త అమావాస్యనాడు నూకాలమ్మ గుడి దగ్గర మంగలి నా జడ మొదలంటా కోశాడు. నెత్తి గొరిగాడు. ముక్కుపుడక తీశారు. నా జడ అమ్మవారి ముందు పళ్ళెంలో పడుంది, దాని కొసన రిబ్బను ఇంకా ఉంది. నేను ఏడుస్తుంటే నాన్న నా భుజం మీద చరిచి పెద్దగా నవ్వాడు.

"ఊరుకోరా ఒరే. రేపో మాపో గడ్డం వచ్చేవాడివి, ఏడుస్తావేంటి."

నన్ను 'ఒరే' అనడం అదే మొదలు. ఎవర్ని పిలుస్తున్నాడా అని వెనక్కి చూశాను. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. ఏడేళ్ళు బిగబట్టిన నవ్వు అది. మామ్మ ఒక్కతే నవ్వలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, నోటి మీద వేలు పెట్టి చూపించింది. జుట్టు ఇచ్చేశారు, పుడక ఇచ్చేశారు, మొక్కు తీరిపోయింది. ఆ మాట మీద కట్టు మాత్రం తీరిందో లేదో చెప్పలేదు. ఆవిడకే తెలియదని తరవాత తెలిసింది.

ఆ వేసవంతా ఇంట్లో పరికిణీలతోనే ఉన్నాను. వేరే బట్ట ఉంటేగా. నాన్న రుసరుసలాడేవాడు, జుట్టు మొలిచినప్పుడల్లా మళ్ళీ గొరిగించేవాడు. అమ్మ, "స్కూలు తెరిస్తే ఎలాగూ నిక్కరు గుడ్డ ఇస్తారంటున్నారు, ఈలోగా దండగెందుకు" అని సర్దేది. మా స్కూలు కట్టించింది ఊరి కామందుగారు. ఆ ఏడు పాత పంతులుగారు మానేసి, కాకినాడ నుంచి అప్పారావుగారని కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. స్వరాజ్యం వచ్చిన దేశంలో పిల్లలు గుడ్డపేలికల్తో బడికి రాకూడదని ఆయన కామందుగారికి నూరిపోశాడు. మగపిల్లలకి ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా. ఆడపిల్లలకి ఆకుపచ్చ పరికిణీ, తెల్ల జాకెట్టు. గుడ్డ కామందుగారిది. ఆగస్టు పదిహేనుకి అందరూ అవే తొడుక్కుని జెండా కింద నిలబడాలి.

నేనెప్పట్లాగే సుందరి పక్కన, ఆడపిల్లల వైపు కూర్చునేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళకి అది అలవాటు. కొత్త హెడ్మాస్టరుకేమో నేను గుండు చేయించుకున్న ఆడపిల్లని. మొక్కుకి గుండు ఆడపిల్లకీ కొట్టిస్తారు కదా.

కొలతలు తియ్యడానికి రాజోలు నుంచి జోజి అనే దర్జీ వచ్చాడు, కుట్టుమిషను దోనె మీద వేయించుకుని. ఏటా మా పేట ఆడవాళ్ళ రవికలు, పిల్లల పరికిణీలు కుట్టేది అతనే. పైఊరి మనిషి గనక మా మామ్మ అతనికి నా సంగతి ఏనాడూ చెప్పలేదు. మగపిల్లలు ఒక వరస, ఆడపిల్లలు ఒక వరస నిలబడ్డారు. నేను సుందరి వెనక నిలబడ్డాను. ఆ పని తెలిసే చేశాను.

జోజి టేపు నా నడుం చుట్టూ తిప్పి మొహంలోకి చూశాడు.

"ఏమ్మా నూకాలూ, జుట్టు అమ్మోరికి ఇచ్చేసేవా? ఏం పర్లేదులే, మళ్ళీ పిరుదుల్దాకా పెరుగుద్ది. కుచ్చెళ్ళు ఎక్కువెయ్యనా?"

"ఎక్కువెయ్యండి" అన్నాను.

"కామందుగారి గుడ్డే కదా, మన సొమ్మేం పోయింది" అని నవ్వుకుని, చెవి మీది పెన్సిలు తీసి గుడ్డ మీద గీత గీసుకున్నాడు.

ఏడేళ్ళు మామ్మ అంత గట్టిగా దాచిన ఫలితం అది. యముణ్ణి మోసం చెయ్యడానికి ఆడిన అబద్ధం దర్జీ దగ్గర పని చేసింది.

జెండా పండగ ముందు రోజు బట్టలు పంచారు. నా ఆకుపచ్చ పరికిణీ ఒడిలో దాచుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ చూసింది. దాన్ని చేత్తో తడిమి, మళ్ళీ మడత పెట్టి, నాన్న కంటపడకుండా బియ్యం కుండ వెనక పెట్టింది. తెల్లారకుండానే నాన్న దింపుకి వెళ్ళాక, ఆవిడే తీసి కట్టింది. ఎందుకు కట్టావని తరవాత ఎవరెంత అడిగినా, "పిల్ల ముచ్చట పడింది" అనేది. ఆ ఒక్క పనికి మాత్రం అమ్మని నేనేమీ అనను.

ఆ ఉదయం జెండా పాటకి నేనూ సుందరీ ముందు వరసలో నిలబడ్డాం. నా గొంతు బాగుండేది. కామందుగారు కుర్చీలో కూర్చుని విని, హెడ్మాస్టరు వైపు వంగాడు.

"ఆ గుండు పిల్లెవరండీ? బాగా పాడింది. ఇలా రమ్మనండి, ఏదైనా ఇద్దాం."

హెడ్మాస్టరు పొంగిపోయి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. "నూకాలండి. మన ఆడపిల్లల్లో చురుకైన పిల్లండి" అన్నాడు.

కామందుగారి కొడుకు బాబ్జీ మగపిల్లల వరసలో ముందున్నాడు. వాడు నవ్వాపుకోలేక కూలబడిపోయాడు.

"ఆడపిల్ల కాదు నాన్నగారూ. దింపు సూరిబాబు కొడుకు. మాస్టారికి తెలీదు."

కామందుగారు ముందు అర్థంకాక చూశాడు. తరవాత నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి ఊరంతా నవ్వింది. హెడ్మాస్టరు నా చెయ్యి వదిలేసి, ఏదో అంటుకున్నట్టు తన చెయ్యి పంచెకి తుడుచుకున్నాడు.

"ఏవండీ అప్పారావుగారూ" అన్నాడు కామందుగారు, "మీకు లెక్కలొచ్చా అని అడిగేంగాని, ఆడా మగా గుర్తుపట్టగలరా అని అడగలేదు సుమండీ. ఇనస్పెక్టరు వచ్చేలోగా ఇది తేల్చండి. నా గుడ్డతో ఇలాంటి వేషాలు వద్దు."

ఆ ఒక్క మాటతో హెడ్మాస్టరుకి నేను శత్రువునైపోయాను. ఏడేళ్ళ పిల్లాడి మీద నలభయ్యేళ్ళ మనిషికి అంత కక్ష ఉంటుందా అంటే, ఉంటుంది. నేను చూశాను.

మా నాన్నని తోటలోంచి పిలిపించారు. చెట్టు దిగినవాడు దిగినట్టే వచ్చాడు, గోచీతో, భుజాన మోకు, నడుముకి కత్తి. అరుగు ఎక్కనివ్వలేదు, ఎండలో నిలబెట్టారు.

"సూరిబాబూ, మీ ఇంట్లో పుట్టిందేమిటో నీకైనా తెలుసా?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఆయ్, తెలుసండి."

"ఏమిటి?"

నాన్న మోకు ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకున్నాడు. "తమరికి తెలియంది ఏముందండి."

"మరి మగపిల్లాడికి మగపిల్లాడి బట్ట కట్టాలని తెలీదా? చదువూ సంధ్యా లేకపోతే సరే, సిగ్గు కూడా లేదా? నువ్వు చూస్తే ఇలా మొలకి గుడ్డపీలికతో వస్తావు, నీ కొడుకు చూస్తే పరికిణీతో వస్తాడు."

"రేపట్నించీ నిక్కరుతోనే వస్తాడండి. నేను చూసుకుంటాను కదండీ."

ఎలా చూసుకున్నాడో చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఇంటికి తీసుకెళ్ళి కొబ్బరి మట్టతో కొట్టాడు. అమ్మ అడ్డమొస్తే అమ్మనీ కొట్టాడు. పరికిణీ పొయ్యిలో పెట్టాడు. కొత్త గుడ్డ, తొందరగా అంటుకోలేదు, పొగొచ్చింది. "ఏడేళ్ళు మీసం మీద చెయ్యేసుకోకుండా చేసేరు కదరా నన్ను" అన్నాడు. నేను చేశానా? ఆయన కూడా నన్ను నూకాలమ్మా అని పిలిచి నీళ్ళు తెప్పించుకున్నవాడే.

మర్నాడు పొద్దున్నే నాకు నిక్కరు తొడిగారు. అది బాబ్జీది, పాతది. కామందుగారింటి నుంచి పంపించారు. నడుం దగ్గర నిలవక కొబ్బరి తాడు కట్టారు. కాళ్ళ మీద గాలి కొడుతుంటే నలుగురిలో ఒలిచి నిలబెట్టినట్టుంది. నాన్న రెక్క పట్టుకుని స్కూలుకి లాక్కెళ్ళాడు. వెనకాల మామ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది.

నిక్కరు తొడుక్కున్నాను కదా, వెళ్ళి మగపిల్లల వైపు కూర్చుంటే అయిపోతుందని నాన్న అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. కూర్చుందామనే వెళ్ళాను. నాకు స్కూలు కావాలి. నా పలక మీద నేను రాసిన అక్షరాలంటే నాకు పరికిణీ అంత ఇష్టం. ఆ రోజు నిక్కరుకి లొంగింది కూడా దానికోసమే. బాబ్జీ జరిగి, "రావే నూకాలూ, నా పక్కన కూచో. పూలు తేలేదా?" అన్నాడు. చెవి వెనక పెట్టుకొచ్చిన మందారం తీసి నా గుండు మీద పెట్టబోయాడు. మిగతావాళ్ళు బల్లలు చరిచారు.

హెడ్మాస్టరు బెత్తంతో నన్ను ఆపాడు.

"అక్కడ కూర్చోడానికి ముందు ఒక పని ఉంది. అందరూ వినేలాగ, నేను మగపిల్లాణ్ణి అని చెప్పు. చెప్పి కూర్చో."

నేను నిక్కరు తాడు పట్టుకుని నిలబడ్డాను.

"గుడ్డ మారిస్తే మూఢత్వం పోదురా. అది నోటితో పోవాలి. చెప్పు."

నాకు మా అన్నల పురిటి గుడ్డలు మూడూ కనబడ్డాయి. నేను చూసినవి కావు, అమ్మ ఆ రోజు అన్న మాటతో కళ్ళకి కట్టినవి. ఆ మాట అంటే అక్కడికక్కడే పడిపోతానని నాకు నమ్మకం. చెయ్యి చాపమన్నాడు. చాపాను. కొట్టాడు. రెండో చెయ్యి అన్నాడు, అదీ చాపాను. సుందరి మొహం పరికిణీలో దాచుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాన్న, "ఇంకో రెండెయ్యండి బాబూ, మొండిది" అన్నాడు. మొండిది అని ఆడదాన్ని అన్నట్టే అన్నాడు. నాలిక కరుచుకుని, "మొండోడు" అని దిద్దుకున్నాడు.

హెడ్మాస్టరు అలిసిపోయి మామ్మ వైపు తిరిగాడు.

"ఏమమ్మా, ఇదంతా నీ నిర్వాకమే కదా. నువ్వు చెప్పు. నా మనవడు మగపిల్లాడు అను. నువ్వంటే వాడూ అంటాడు."

మామ్మ కర్ర మీద రెండు చేతులూ పెట్టి నిలబడింది.

"నేను అననండి."

"మొక్కు తీరిపోయిందిగా?"

"జుట్టు ఇత్తానన్నానండి, ఇచ్చేను. ఆ మాట అంటే ఏమవుద్దో అమ్మవారు నాకు చెప్పలేదండి. ఓసారి అని చూసేను. మళ్ళీ అననండి."

"సరే. సూరిబాబూ, తండ్రివి నువ్వు. మగాడివి. నువ్వు చెప్పు."

నాన్న నవ్వినట్టు మొహం పెట్టాడు. "నిక్కరు తొడిగేం కదండీ."

"నిక్కరు సంగతి నేనడగలేదు."

"తమరు పెద్దవారు, తమరే అనేసుకోండి. మాటదేముందండి, కూచోబెట్టెయ్యండి."

"మాటదేమీ లేనప్పుడు అనడానికేం?"

నాన్న నేలచూపులు చూశాడు. కాలి బొటనవేలితో గుమ్మం రాస్తూ నిలబడ్డాడు. తాటిచెట్టంత కొబ్బరిచెట్టు మీద చేతులు వదిలేసి గెల నరికే మనిషి. పాముని తోక పట్టి విసిరేసే మనిషి. నన్ను మగాణ్ణి చెయ్యడానికి మట్ట విరిగేదాకా కొట్టిన మనిషి. ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి రాలేదు.

అప్పుడు నాకు వాళ్ళ మీద ఉన్న భయం పోయింది. వాళ్ళు దేనికి భయపడుతున్నారో దానికే నేనూ భయపడుతున్నాను. తేడా ఏమిటంటే, దెబ్బలు నాకు మాత్రమే పడుతున్నాయి.

హెడ్మాస్టరు బెత్తం బల్ల మీద పడేశాడు.

"తీసుకుపోండి వీణ్ణి. చెప్పగలిగిన రోజున పంపించండి. నేను ఆడపిల్లల్లో కూర్చోనివ్వను, మగపిల్లల్లో కూర్చోనివ్వను. వీడి కోసం మధ్యన మూడో వరస వెయ్యలేను."

"అలాగేనండి, రెండ్రోజుల్లో చెప్పిస్తానండి, ఆయ్" అంటూ నాన్న దణ్ణాలు పెడుతూ వెనక్కి నడిచాడు.

గట్టు మీద మామ్మ వెనకబడిపోయింది. నాన్నా నేనూ ముందు నడుస్తున్నాం. కొంతదూరం పోయాక నాన్న మెత్తగా అన్నాడు, "అనేస్తే పోయేది కదరా. ఏమవుద్ది? ఉత్త మాటే."

"నువ్వనలేదేం?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను, చెయ్యి ఎత్తలేదు. "దింపుకి టైమైపోయింది" అన్నాడు.

రెండు రోజులన్నది రెండు వారాలైంది. ఆ ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఒకసారి, "పిల్లాడి సదువు" అని మొదలెట్టి, 'పిల్లాడు' అన్నందుకు మామ్మ కళ్ళెర్రజేస్తే ఊరుకుంది. సుందరి రోజూ ఆకుపచ్చ పరికిణీతో మా గుమ్మం ముందు నుంచి బడికి వెళ్ళేది. మొదట్లో ఆగేది. తరవాత ఆగడం మానేసింది. ఆడపిల్లని మగపిల్లాడితో ఆడుకోవద్దన్నారట వాళ్ళింట్లో.

దసరాకి ముందు నాన్న నన్ను కొబ్బరి ఒలుపుకి తీసుకెళ్ళాడు. నేలలో మొన పైకి పాతిన గునపం ముందు నన్ను నిలబెట్టి, కాయ డొక్క ఎటు గుచ్చి పీకాలో చూపించాడు. మేస్త్రీ చుట్ట కాలుస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవర్రా సూరిబాబూ, నీ కొడుకేనా?"

"మరేనండి" అన్నాడు నాన్న, మొహం అటు తిప్పుకుని.

"ఒలవగలడా?"

"ఒలుస్తాడండి. ఇక ఇదే పని."